పూడిక, గండి: ధమనీఫలక స్థిరత్వంలో శోథ పాత్ర – తెలుగు వైద్యరచన భాషపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
గుండెపోటును వివరించే తెలుగు జనరంజక వైద్యరచన ప్రధానంగా 'పూడిక' అనే ఒకే ఉపమానాన్ని ఆశ్రయించింది. రక్తనాళంలో కొవ్వు పేరుకొని దారి మూసుకుపోతుందని, వైద్యుడు ఆ అడ్డును తొలగిస్తాడని ఈ ఉపమానం చెబుతుంది. ధమని గోడలో ఏర్పడిన ఫలకం ఎంత లావుగా ఉందన్న దానితోపాటు, అది ఎంత నిలకడగా ఉందన్నది కూడా ప్రాణాన్ని నిర్ణయిస్తుందని, ఆ నిలకడను దెబ్బతీసేది శోథ ప్రక్రియ అని గత నాలుగు దశాబ్దాల పరిశోధన స్థాపించింది. ఈ జ్ఞానం తెలుగులోకి సరిగా రాకపోవడానికి మన పదాల ఎంపిక ఎంతవరకు కారణమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వాడుకభాషలో ఉన్న కాలువ పరిభాష ఇందుకు ఒక ప్రత్యామ్నాయాన్ని ఇవ్వగలదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ధమనీఫలకం, శోథ, గుండెపోటు, వైద్య పరిభాష, ఉపమానం, అనువాదం, సాగర్ ఎడమ కాలువ.

1. ఉపోద్ఘాతం:

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో గుండెజబ్బు గురించి జరిగే సంభాషణలో కొన్ని మాటలు తప్పక వినిపిస్తాయి. "మూడు బ్లాకులు ఉన్నయట", "ఎనభై శాతం మూసుకపోయింది", "స్టంట్ వేసిండ్రు, ఇక ఫికరు లేదు" అన్నవి అలాంటివి. పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ, దృశ్యమాధ్యమ చర్చల్లోనూ ఇదే భావన శిష్టరూపంలో కనిపిస్తుంది. 'రక్తనాళాల్లో కొవ్వు పేరుకుపోవడం', 'నాళాలు పూడుకుపోవడం', 'రక్తసరఫరాకు అడ్డంకి' అన్న పదబంధాలు రచన తరువాత రచనలో పునరావృతమవుతాయి. వాడుకభాషకూ శిష్టరచనకూ మధ్య సాధారణంగా ఉండే దూరం ఈ ఒక్క విషయంలో దాదాపు లేదు. రెండూ ఒకే చిత్రాన్ని చూపుతున్నాయి.

ఆ చిత్రం అసంపూర్ణమని, ఆ అసంపూర్ణతకు రోగి మూల్యం చెల్లిస్తున్నాడని చూపడం ఈ వ్యాస ఉద్దేశం. మూల్యం మాట అతిశయోక్తి కాదు. గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో మరణకారణాలను నమోదుచేసి 2006లో ప్రకటించిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనంలో, రక్తప్రసరణ వ్యవస్థకు చెందిన జబ్బులే 32 శాతం మరణాలకు కారణమని తేలింది. అంటే గుండెపోటు, పక్షవాతం నగరవాసుల జబ్బులన్న నమ్మకం తెలుగు పల్లెల్లో ఎప్పుడో చెల్లిపోయింది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియావాసులకు మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53 సంవత్సరాలు. మిగతా ప్రపంచంలో అది దాదాపు 59. ఇంత తొందరగా, ఇంత విస్తృతంగా వచ్చే జబ్బును ప్రజలు ఏ మాటలతో ఊహించుకుంటున్నారన్నది భాషాపరిశోధకులు పట్టించుకోవలసిన ప్రశ్న.

2. పూడిక ఉపమానం – దాని బలం:

ఒక భావనను విమర్శించేముందు అది ఎందుకు నిలబడిందో చెప్పడం న్యాయం. పూడిక ఉపమానం వెనుక శాస్త్రం ఉంది. 1913లో రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించి, వాటి ధమనుల్లో కొవ్వు చేరడాన్ని చూపాడు. తరువాత వచ్చిన యాంజియోగ్రామ్ ధమని లోపలి దారిని నీడబొమ్మగా చూపింది. దారి ఎక్కడ ఇరుకైందో, ఎంత శాతం ఇరుకైందో వైద్యుడు వేలుపెట్టి చూపగలిగాడు. చూపగలిగినది చెప్పడం తేలిక. తెలుగు రచయిత కూడా ఆ బొమ్మనే మాటల్లోకి దించాడు.

పైగా ఈ ఉపమానం కొన్నిచోట్ల అక్షరాలా నిజం. నడిచినప్పుడు వచ్చి, ఆగితే తగ్గే ఛాతీనొప్పికి ఇరుకైన దారే ప్రధాన కారణం. అక్కడ స్టెంట్ గాని, బైపాస్ గాని నొప్పిని తగ్గిస్తాయి. గుండెపోటు వచ్చిన ఘడియల్లో మూసుకుపోయిన ధమనిని తెరవడం ప్రాణం నిలిపే పని. కాబట్టి పూడికను అబద్ధమని తోసిపుచ్చలేం. జబ్బులోని ఒక దశకు సరిపోయే ఉపమానాన్ని జబ్బు మొత్తానికి వర్తింపజేయడమే ఇక్కడి సమస్య.

ఈ విస్తరణ వల్ల మూడు తప్పుడు అనుమానాలు పుడతాయి. ఒకటి, చిన్న అడ్డు ప్రమాదకరం కాదు. రెండు, అడ్డు తీసేస్తే జబ్బు పోయినట్టే. మూడు, జబ్బంటే పేరుకున్న కొవ్వు మాత్రమే. ఈ మూడింటినీ వైద్యశాస్త్రం ప్రశ్నించింది. మన రచన మాత్రం ఆ ప్రశ్నలను పాఠకుడి దాకా చేర్చడంలో వెనుకబడింది.

3. 'కాఠిన్యం', 'ఫలకం' – పదాలు దాచిన సగం:

పరిభాషలోనే ఒక లోపం ఉంది. 1904లో జర్మన్ వైద్యుడు ఫెలిక్స్ మార్షాండ్ రెండు గ్రీకు మాటలను కలిపి 'అథెరోస్క్లెరోసిస్' అన్న పేరు పెట్టాడు. మొదటి మాటకు జావ అని అర్థం. రెండవ మాటకు గట్టిపడటమని అర్థం. మెత్తనిది, గట్టిది రెండూ ఈ జబ్బులో ఉంటాయని ఆ పేరే చెబుతోంది. తెలుగులో వాడుకలో ఉన్న 'ధమనీ కాఠిన్యం' అనే మాట ఈ జంటలోని రెండవ సగాన్నే తీసుకుంది. జావ జారిపోయింది. ప్రాణాంతకమైన సంఘటనల్లో అధికభాగం ఆ జావ ఉన్న చోటే జరుగుతాయి గనుక, ఇది చిన్న నష్టం కాదు.

'ఫలకం' సంగతి కూడా అంతే. తెలుగు పాఠకుడికి ఫలకం అనగానే శిలాఫలకం, నామఫలకం గుర్తొస్తాయి. పలక వంటి గట్టి వస్తువు గోడకు అంటుకొని కదలకుండా ఉన్నట్టు భావన కలుగుతుంది. ధమనీఫలకం గోడకు పైన అంటుకున్న వస్తువు కాదు. అది గోడ పొరల లోపల పెరిగేది. జీవకణాలతో నిండినది, రోజురోజుకూ మారేది. ఒకవైపు దాన్ని కణాలు బలపరుస్తుంటే, మరోవైపు ఇంకొన్ని కణాలు బలహీనపరుస్తుంటాయి. చలనం లేని పేరు పెట్టడం వల్ల చలనం ఉన్న ప్రక్రియ మన ఊహకు అందకుండా పోయింది. పదం స్థిరపడింది గనుక ఈ వ్యాసం 'ఫలకం' అనే వాడుతోంది. అయితే మొదటిసారి వాడేచోటనే దాని అర్థాన్ని విప్పిచెప్పే బాధ్యత రచయితపై ఉంది.

4. ఫలకం లోపల జరిగేది:

రక్తంలోని ఎల్.డి.ఎల్. కొవ్వు రేణువులు ధమని లోపలి పొరను దాటి గోడలోకి చేరి అక్కడ చిక్కుకుంటాయి. అక్కడ రసాయనికంగా మార్పు చెందిన కొవ్వును శరీరం పరాయిదానిగా గుర్తిస్తుంది. లోపలి పొర కణాలు తమ ఉపరితలంపై జిగురు వంటి అణువులను నిలుపుతాయి. రక్తంలో పోతున్న తెల్లకణాలు వాటికి అంటుకొని గోడలోకి ప్రవేశిస్తాయి. అక్కడ భక్షక కణాలుగా మారి కొవ్వును మింగుతాయి. మింగిన కొవ్వుతో ఉబ్బిన ఈ కణాలకు సూక్ష్మదర్శినిలో కనిపించే రూపాన్నిబట్టి నురుగు కణాలన్న పేరు వచ్చింది. అవి చచ్చి, ఆ శిథిలాలు శుభ్రం కాకపోతే, లోపల జావ వంటి గర్భం మిగులుతుంది.

ఈ గర్భానికీ ప్రవహించే రక్తానికీ మధ్య ఒక పీచుపొర ఉంటుంది. కొల్లాజెన్ అనే పీచుపదార్థంతో నునుపు కండర కణాలు దాన్ని నేస్తాయి. ఫలకం నిలకడ ఈ పొర మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. శోథ ఇక్కడ రెండువైపులా దెబ్బతీస్తుంది. టి-లింఫోసైట్లు విడుదలచేసే ఇంటర్‌ఫెరాన్-గామా కొత్త కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది. భక్షక కణాలు విడుదలచేసే ఎంజైములు ఉన్న కొల్లాజెన్‌ను కోసివేస్తాయి. నేత ఆగి, నేసినది చిరిగిపోతుంటే పొర పలచబడుతుంది. చిరిగిన ఫలకాలను పరిశీలించిన రోగనిదాన శాస్త్రజ్ఞులు ఈ పొర మందం 65 మైక్రాన్లకు లోపు ఉండటాన్ని ప్రమాదసూచికగా గుర్తించారు. అంటే మిల్లీమీటరులో పదిహేనో వంతు కంటే తక్కువ. ఏదో ఒక క్షణాన అది చిరిగితే లోపలి జావ రక్తానికి తగులుతుంది. రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ధమనిని మూస్తే గుండెపోటు వస్తుంది.

గుండెపోట్లన్నీ చిరుగుతోనే రావు. పీచుపొర చెక్కుచెదరకుండా ఉండి, దానిపైని కణాల పూత మాత్రం లేచిపోయి గడ్డకట్టే సందర్భాలూ గణనీయంగా ఉన్నాయి. అక్కడా శోథ కణాల ప్రమేయం ఉంది గాని, తీరు వేరు. శోథను ఒకే మూసలో పోసి చెప్పడం కూడా పూడికవాదం వంటి మరో సరళీకరణ అవుతుందని ఇది హెచ్చరిస్తోంది.

5. సాక్ష్యాల బలాబలాలు:

ధమనుల జబ్బులో శోథ ఉందన్న ఆలోచన కొత్తది కాదు. 19వ శతాబ్దం మధ్యలోనే రుడాల్ఫ్ విర్కో దాన్ని ప్రతిపాదించాడు. 1999లో రస్సెల్ రాస్ ఈ జబ్బును శోథజన్య వ్యాధిగా నిర్వచిస్తూ రాసిన సమీక్ష, ఆ తరువాత పీటర్ లిబ్బీ రచనలు దాన్ని ప్రధానస్రవంతిలోకి తెచ్చాయి. పూడిక భావనను సందేహంలో పడేసిన సాక్ష్యం మాత్రం యాంజియోగ్రామ్ నుంచే వచ్చింది. 1988లో విలియం లిటిల్ బృందం, గుండెపోటుకు ముందే ఏదో కారణంతో యాంజియోగ్రామ్ తీయించుకున్న 29 మంది పాత చిత్రాలను తిరిగి చూసింది. వారిలో 19 మందికి, తరువాత మూసుకుపోయిన ధమనిలో అంతకుముందు ఉన్న ఇరుకు 50 శాతం కంటే తక్కువే. దీనికి వివరణ అప్పటికే సిద్ధంగా ఉంది. ఫలకం పెరుగుతున్న తొలిదశలో ధమని బయటివైపుకు సాగి దారిని కాపాడుకుంటుందని 1987లో సీమోర్ గ్లాగోవ్ చూపాడు. నీడబొమ్మలో దారి బాగానే కనిపిస్తుంది. గోడలో జబ్బు ఉంటుంది.

ఈ ఫలితాన్ని పెద్ద అడ్డు సురక్షితమని, చిన్నదే ప్రమాదమని తిరగేసి చదవరాదు. విడివిడిగా చూస్తే పెద్ద ఫలకానికే ముప్పు ఎక్కువ. కాని చిన్నవి సంఖ్యలో చాలా ఎక్కువ. పైగా అవి పెద్దవి కావడానికి ఏళ్లు పట్టనవసరం లేదు. 2007లో వెలువడిన కరేజ్ అధ్యయనంలో నిలకడగా ఉన్న ఛాతీనొప్పి గల 2,287 మందిని తీసుకున్నారు. పూర్తిస్థాయి మందులకు స్టెంట్‌ను జోడించినా మరణంగాని, గుండెపోటుగాని తగ్గలేదు. స్టెంట్ ఒక చోటును సరిచేస్తుంది. జబ్బు ధమనుల పొడవునా ఉంటుంది.

శోథ కేవలం తోడుగా కనిపించే లక్షణమా, నిజంగా కారణమా అన్న ప్రశ్నకు 2017 నాటి కాంటోస్ ప్రయోగం జవాబిచ్చింది. గుండెపోటు వచ్చి, రక్తంలో శోథ సూచిక అయిన సి.ఆర్.పి. ఎక్కువగా ఉన్న 10,061 మందిపై కానకినుమాబ్ అనే ఔషధాన్ని పరీక్షించారు. అది ఇంటర్‌ల్యూకిన్-1బీటా అనే ఒక్క శోథ అణువును అడ్డుకుంటుంది. ఎల్.డి.ఎల్. తగ్గలేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల కలగలుపు 15 శాతం తగ్గింది. అయితే ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. మొత్తం మరణాల్లో తేడా రాలేదు. శోథ శరీరానికి రక్షణవ్యవస్థ కూడా గనుక దాన్ని అణచడానికి ఒక ధర ఉంటుంది.

తరువాతి ప్రయోగం తెలుగు పరిశోధకుల ప్రత్యేక దృష్టికి అర్హమైనది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన నుంచి వచ్చిన ఔషధ కుటుంబానికి చెందినది మెథోట్రెక్సేట్. రక్తకాన్సరు చికిత్సతో మొదలై, కీళ్లవాతంలో శోథను తగ్గించే మందుగా అది స్థిరపడింది. ధమనీఫలకంపైనా అది పనిచేస్తుందన్న ఆశతో 4,786 మందిపై జరిగిన సి.ఐ.ఆర్.టి. ప్రయోగ ఫలితం 2018లో వెలువడింది. గుండెపోట్లు తగ్గలేదు. సి.ఆర్.పి. కూడా తగ్గలేదు. కీళ్లలోని శోథను తగ్గించేది ధమనిలోని శోథను తగ్గించి తీరాలన్న నియమం లేదని దీనివల్ల తెలిసింది. శోథ ఒక్కటే పేరు, దారులు అనేకం.

గౌట్ వ్యాధికి వాడే కొల్చిసిన్ కథ కూడా ఒకేదిశలో సాగలేదు. 2019 నాటి కొల్కాట్, 2020 నాటి లోడోకో-2 ప్రయోగాలు రోజుకు 0.5 మిల్లీగ్రాముల మోతాదుతో ప్రయోజనం చూపాయి. 2024లో వెలువడిన, 7,062 మందితో జరిగిన క్లియర్ సినర్జీ ప్రయోగంలో గుండెపోటు వెంటనే మొదలుపెట్టిన అదే మందు ప్రయోజనం చూపలేదు. మన అడవుల్లో పెరిగే అగ్నిశిఖ లేదా అడవినాభి దుంపలో ఉండేది ఈ కొల్చిసినే. ఆ దుంప తిని ప్రాణాలు పోయిన ఉదంతాలు వైద్యసాహిత్యంలో ఉన్నాయి. 'మన మొక్కలోనే మందు ఉంది' అన్న తరహా శీర్షిక ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

6. 'మంట', 'వాపు', 'శోథ' – అనువాదం చేసే హాని:

ఇంత సంక్లిష్టమైన భావనకు తెలుగు రచనలో మూడు పదాలు వాడుకలో ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో రకంగా తడబడుతోంది.

'మంట' అన్న పదాన్ని చూద్దాం. ఆంగ్లపదం వెనుక ఉన్న లాటిన్ మూలంలో నిప్పు ఉంది గనుక మాటకుమాటగా ఇది సరిపోయినట్టే కనిపిస్తుంది. కాని తెలుగులో 'గుండెల్లో మంట' అంటే పులితేన్పుల బాధ. గుండెజబ్బు సందర్భంలో 'ధమనుల్లో మంట' అని రాస్తే పాఠకుడి మనసు నేరుగా జీర్ణాశయానికి పోతుంది. నిజమైన గుండెపోటు నొప్పిని గ్యాస్ అనుకొని, సోడా తాగి, మాత్ర వేసుకొని రాత్రంతా ఓర్చుకోవడం మన ప్రాంతంలో అందరికీ తెలిసిన విషాదం. ఆ గందరగోళాన్ని పెంచే పదాన్ని వైద్యరచయిత ఎంచుకోకూడదు.

'వాపు' కంటికి కనిపించే లక్షణం. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని రోమన్ రచయిత సెల్సస్ చెప్పిన నాలుగు గుర్తుల్లో అది ఒకటి. ధమని గోడలో జరిగే శోథకు రోగి తనంతట తాను గుర్తించగల ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ ఉండదు. 'వాపును చూసి బలుపనుకోవడం' మన సామెత. ఇక్కడ చూడటానికి వాపే లేదు. యాంజియోగ్రామ్‌లో సాఫీగా కనిపించే దారిని చూసి ఆరోగ్యమనుకునే ప్రమాదం ఉంది.

'శోథ' సంస్కృత వైద్యం నుంచి వచ్చింది. ఆయుర్వేదంలోనూ దానికి ప్రధానంగా వాపు అనే అర్థం. అయితే సుశ్రుతసంహిత సూత్రస్థానంలోని వ్రణశోథ వివరణ ఆలోచించదగినది. అక్కడ శోథ ఒక స్థితిగా గాక ఆమ, పచ్యమాన, పక్వ దశలుగా సాగే ప్రక్రియగా వర్ణితమైంది. ఏ దశలో ఉందో గుర్తించలేని వైద్యుణ్ణి ఆ గ్రంథం నిందిస్తుంది. ఆధునిక భావన అందులో ఉందని చెప్పడం తొందరపాటు. కాని దశలవారీ ప్రక్రియ అన్న ఊహకు చోటిచ్చే పదంగా మూడింటిలో 'శోథ' మేలైనది. అందుకే ఈ వ్యాసం దాన్ని స్వీకరించింది.

అయితే శోథను స్వీకరించగానే మరో చిక్కు ఎదురవుతుంది. మందుల దుకాణంలో దొరికే డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు కూడా శోథనిరోధకాలే. గుండెజబ్బుకు శోథ కారణమని చదివిన పాఠకుడు, నడుమునొప్పికి వాడే మాత్ర గుండెకూ మేలుచేస్తుందని అనుకుంటే తప్పు అతనిది కాదు. వాస్తవం దీనికి వ్యతిరేకం. ఈ కోవకు చెందిన రోఫెకాక్సిబ్ గుండెపోట్లను పెంచుతోందని తేలి 2004లో మార్కెట్ నుంచి వెనక్కిపోయింది. డైక్లోఫెనాక్‌కు కూడా అలాంటి ముప్పు ఉందని తరువాతి విశ్లేషణలు చూపాయి. రోజంతా వంగి నాట్లు వేసే ఆయకట్టు కూలీలు, బస్తాలు మోసే బియ్యం మిల్లుల హమాలీలు నొప్పిమాత్రలపై ఆధారపడే ప్రాంతంలో ఈ వివరం లేకుండా శోథ గురించి రాయడం అరకొర సత్యం చెప్పడమే. 'శోథను తగ్గించే ఆహారం' పేరుతో పసుపు, వెల్లుల్లి, కషాయాల చుట్టూ అల్లుకుంటున్న రచనలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. పేరుకు కొత్త శాస్త్రం, సారంలో పాత గృహవైద్యం. వాటిలో ఏదీ కాంటోస్ వంటి పరీక్షకు నిలిచి గెలిచింది కాదు.

7. గండి – ఒక స్థానిక ప్రత్యామ్నాయం:

పూడిక అన్న మాట కాలువల నుంచి వచ్చింది. అదే కాలువ మరో మాటను కూడా ఇస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ, అంటే లాల్‌బహదూర్ కాలువ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల వ్యవసాయాన్ని మార్చింది. సూర్యాపేట పరిసరాల్లో మూసీ కాలువలు, శ్రీరాంసాగర్ రెండోదశ కాలువలు ఉన్నాయి. ఈ నేలమీది మనుషులకు కాలువ రెండు రకాలుగా చెడుతుందని తెలుసు. పూడిక పేరుకుంటే చివరి భూములకు నీరు తగ్గుతుంది. కట్ట బలహీనపడితే గండి పడుతుంది. మొదటిది ఏళ్ల తరబడి నడిచే నష్టం. రెండవది ఒక్కరాత్రి ఉపద్రవం. 2022 సెప్టెంబరులో నిడమనూరు దగ్గర, 2024 సెప్టెంబరు వానల్లో నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండ్లు పడిన సంగతి ఇక్కడివారికి ఇంకా జ్ఞాపకమే.

గండికి ముందు కట్టలో ఏదో జరుగుతుంది. ఎక్కడో బుంగ పడుతుంది. చెమ్మ ఊరుతుంది. మట్టి లోలోపల కరుగుతుంది. కాలువలో నీరు మాత్రం ఎప్పటిలాగే సాఫీగా పారుతుంటుంది. అందుకే లస్కరు నీటి మట్టాన్ని చూసి ఊరుకోడు, కట్ట వెంట నడుస్తాడు. ధమనీఫలకం విషయంలో మనకు కావలసింది సరిగ్గా ఈ ఊహ. ఇరుకుతో నొప్పి వచ్చే జబ్బు పూడిక. పీచుపొర చిరిగి వచ్చే గుండెపోటు గండి. పొరను లోలోపల తినివేసే శోథ బుంగ. ఈ మూడు మాటలకూ నిఘంటువు అక్కరలేదు.

ఏ ఉపమానానికైనా హద్దు ఉంటుంది. కాలువకు గండి పడితే నీరు బయటికి పోతుంది. ఫలకం చిరిగితే రక్తం బయటికి పోదు, లోపలే గడ్డకట్టి దారి మూస్తుంది. అంటే గండి వల్ల పూడిక పుడుతుంది. ఈ తేడాను చెప్పకుండా ఉపమానాన్ని వాడితే గుండెలో రక్తస్రావమన్న కొత్త అపోహ మొదలవుతుంది. అలాగే కణాల పూత లేచిపోయి గడ్డకట్టే రకానికి గండి ఉపమానం సరిపోదు. ఈ హద్దులను చెప్పినంతవరకు పూడిక ఒక్కటే చెప్పేదానికంటే, పూడికా గండీ కలిసి చెప్పేది నిజానికి ఎక్కువ దగ్గరగా ఉంటుంది.

8. పర్యవసానం:

మాట మారితే ఏం మారుతుందన్న ప్రశ్న సహజం. స్టెంట్ వేసుకొని హైదరాబాదు నుంచో ఖమ్మం నుంచో ఇంటికి తిరిగివచ్చిన మనిషిని తీసుకుందాం. పూడిక భాషలో అతని జబ్బు తీరిపోయింది. అడ్డు లేదు, నొప్పి లేదు. ప్రతి రాత్రీ మాత్ర ఎందుకు వేసుకోవాలో ఆ భాష చెప్పలేదు. గండి భాషలో జవాబు ఉంది. ఒక చోట కట్టను బిగించారు. మిగతా కట్ట అంతా అలాగే ఉంది. స్టాటిన్ మందు ఎల్.డి.ఎల్.ను తగ్గిస్తుంది, దానితోపాటు శోథ సూచికనూ తగ్గిస్తుంది. కాలక్రమంలో పీచుపొర మందమవుతుందని ధమని లోపలినుంచి తీసిన చిత్రాలు చూపాయి. అంటే ఆ మాత్ర కట్టకు మట్టి వేయడం. ఆపితే ఆ పని ఆగుతుంది. స్టెంట్ లోపల గడ్డకట్టకుండా ఇచ్చే మందులను వైద్యుని మాట లేకుండా ఆపడం మరింత తక్షణ ప్రమాదం.

పొగాకు, అదుపులేని రక్తపోటు, మధుమేహం ఎందుకు ప్రమాదమో కూడా ఈ భాషలో స్పష్టంగా చెప్పవచ్చు. అవి కొవ్వును పేర్చడమేగాక గోడను గాయపరచి శోథను పెంచుతాయి. పైకి సంబంధం లేనట్టుండే విషయాలకూ చోటు దొరుకుతుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఇన్‌ఫ్లుయెంజా నిర్ధారణైన మొదటి వారంలో గుండెపోటు ముప్పు దాదాపు ఆరు రెట్లు పెరిగింది. ఒంట్లో ఎక్కడో వచ్చిన శోథ, అప్పటికే బుంగపడిన కట్టపై భారం వేస్తుంది. పూడిక ఉపమానంలో జ్వరానికీ గుండెపోటుకూ బంధుత్వం కలపడం సాధ్యం కాదు.

గండి మాటలో తొందర కూడా ఉంది. గండి పడిందని తెలిస్తే ఊరు తెల్లవారేదాకా ఆగదు. సూర్యాపేట, కోదాడ జాతీయరహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ నార్కట్‌పల్లి–అద్దంకి దారిలో ఉంది. అయినా ఈ మూడింటి నుంచీ హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైమాటే. గుండెపోటులో గడ్డ కరిగించే ఇంజెక్షన్ గాని, ధమనిని తెరిచే చికిత్సగాని ఎంత త్వరగా అందితే గుండెకండరం అంత మిగులుతుంది. 'పెద్ద ఆసుపత్రికి పోదాం, పొద్దున బయలుదేరుదాం' అన్న ఆలోచన వెనుక, పూడిక నెమ్మదిగా పేరుకునేది గదా అన్న ధీమా కూడా కొంత ఉంది. దగ్గరి ఆసుపత్రిలో వెంటనే ఇ.సి.జి. తీయించుకోవడం, ఆ తరువాతే ప్రయాణం గురించి ఆలోచించడం ఈ దూరాల్లో ప్రాణం నిలిపే క్రమం.

9. ముగింపు:

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. తెలుగు జనరంజక వైద్యరచన గుండెజబ్బులోని ఇరుకును చెప్పినంతగా ఫలకం నిలకడను చెప్పడం లేదు. 'ధమనీ కాఠిన్యం', 'ఫలకం' వంటి పదాలు ఈ అసమతుల్యతను బలపరుస్తున్నాయి.

2. శోథ ఫలకాన్ని అస్థిరపరుస్తుందన్నది బలమైన సాక్ష్యం గల విషయం. శోథను తగ్గించే ప్రతి మందూ గుండెను కాపాడుతుందన్నది సాక్ష్యం లేని విషయం. ఈ రెండింటినీ ఒకేచోట చెప్పని రచన పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

3. 'మంట' గుండె సందర్భంలో విడిచిపెట్టవలసిన అనువాదం. 'శోథ'ను వివరణతో వాడటం మేలు. శోథనిరోధకమన్న మాట వచ్చిన ప్రతిచోటా నొప్పిమాత్రల గురించిన హెచ్చరిక తోడుండాలి.

4. పూడిక, బుంగ, గండి అనే మూడు మాటలు కలిస్తే జబ్బులోని మూడు దశలకూ తెలుగులో పేర్లు దొరుకుతాయి. వీటిని ఉపమాన పరిమితులతో సహా పాఠ్యాంశాల్లోను, రోగులకిచ్చే సూచన పత్రాల్లోను పరీక్షించి చూడవలసిన అవసరం ఉంది.

వైద్యపరిభాషను అకారాది పట్టికగా కూర్చడంతో పరిశోధకుల పని పూర్తికాదు. ఒక పదం పాఠకుడి మనసులో ఏ బొమ్మ గీస్తోంది, ఆ బొమ్మను నమ్మి అతడు రేపు ఉదయం ఏ మాత్ర మానేస్తాడు అని కూడా అడగాలి. కాలువ కట్ట వెంట నడిచే లస్కరుకు ఉన్న ఆ చూపు, పదాల వెంట నడిచే విమర్శకుడికీ అవసరమే.